ళ రాని మాస్టారు

మాస్టారి కొత్త కథ టైపు చేస్తూ చేస్తూ డీటీపీ అమ్మాయి ఆగింది.

"ఇన్ని పుస్తకాలు రాశారు, మీకింకా ళ రాదా మాస్టారూ? ‘మళ్ళీ’ అని ఉండాల్సిన ప్రతిచోటా ‘మల్లీ’ అని ఉంది. ఇదివరకు ఇలా ఉండేది కాదే."

"ఇదివరకు మా ఆవిడ దిద్ది ఇచ్చేదమ్మా. తను పోయాక ఇదే మొదటి కథ. ‘కలం పట్టుకుంటే చాలు, పేజీకి పదిసార్లు నన్ను పిలుస్తారు’ అని నవ్వేది."

"ఆవిడ పేరు..."

"మల్లి."

అమ్మాయి కీబోర్డు మీంచి చేతులు తీసి మెల్లగా అడిగింది.

"అన్నీ దిద్దేయనా?"

"దిద్దెయ్యి. ఆఖరి వాక్యంలోది మాత్రం వదిలెయ్యి."

ఆమె చివరి కాగితం తీసింది. ‘మల్లీ రా’ అని ఉంది.

"మధ్యలో కామా పెట్టనా, మాస్టారూ?"