రివర్సు గేరు లేని మంచం

నోరు మాత్రమే ఉన్నవాణ్ణి ఎలాగోలా ఆపొచ్చు గానీ, నోటికి భయం తోడైతే ఆపడం ఎవరి తరమూ కాదు. బస్సు డిపో గేటుకి ఎదురుగా టీకొట్టు నడిపే అక్కకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. బల్ల మీద కూర్చుని కోతలు కోస్తున్నది ఆమె సొంత తమ్ముడు.

వాణ్ణి డిపోలో అందరూ స్టీరింగు అంటారు. ట్రిప్పుల నుంచి వచ్చిన బస్సుల్ని రివర్సులో వెనక్కి నడిపి షెడ్డులో వరసగా నిలబెట్టడం వాడి పని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. గోడకీ బస్సుకీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు వదులుతాడు, గీత పడనివ్వడు. కానీ గేటు దాటి ఒక్క బస్సునీ బయటికి తీసుకెళ్ళలేదు. దానికి డ్రైవరు ఉద్యోగం కావాలి. ఆ పరీక్ష ఇవాళ నాలుగింటికి.

పోయినేడూ పిలిచారు. ఆఫీసరు పక్క సీట్లో కూర్చుని "పోనీయ్" అనగానే వీడి చెయ్యి అలవాటు కొద్దీ రివర్సు వేసేసింది. బస్సు బీప్ బీప్‌మంటూ వెనక్కి పోయి నీళ్ళ డ్రమ్ముని దొర్లించింది. ఆ బీపులు అక్క ఇక్కడ టీ వడగడుతూ వింది. వచ్చే నెలకి వాడికి నలభై నిండుతాయి. ఆ పైన పిలవరు.

అందుకే వాడు పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కూర్చుంటాడు, లేస్తాడు, తాగిన గ్లాసునే మళ్ళీ తుడుస్తాడు. ఇప్పుడు మూడుంపావు.

"పరీక్షట, నాకు పరీక్ష" అన్నాడు స్టీరింగు. "ఏడేళ్ళప్పుడే బండి తోలినవాణ్ణి నేను. మంచాన్ని వాకిట్లోకి లాగి, గిన్నె మూత స్టీరింగు, గరిటె గేరు రాడ్డు, ఇంజనంటారా, అది నోట్లోనే ఉంది. ఒక్కసారి బుర్రుమన్నానంటే వీధి చివర నడిచేవాళ్ళు కూడా పక్కకి తప్పుకునేవాళ్ళు. కావాలంటే మా అక్కనడగండి, మొదటి ప్యాసింజరు తనే."

పొద్దుటి డ్యూటీ దిగిన కండక్టరు అక్క వైపు చూశాడు. అక్క అవునన్నట్టు తలూపింది. అంతవరకూ నిజమే మరి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగో రోజుకి మంచం కదిలింది. నమ్మరు, నాకు తెలుసు. మా వీధి కాస్త పల్లం కదా, మంచం జారింది, నేను గిన్నె మూత తిప్పాను, మలుపు తిరిగింది. రెండో మలుపు దగ్గర నలుగురు పిల్లలెక్కారు, మూడో మలుపుకి పదిమంది, బజారు చేరేసరికి నిలబడ్డానికి చోటు లేదు. మర్నాడు మా వీధిలో బస్టాపు బోర్డు పాతారు, ఆ, సర్కారు వాళ్ళే పాతారు."

"మంచానికా?" అన్నాడు కండక్టరు.

"మంచానికే. టైము ప్రకారం తిరిగేది. అసలు బస్సు ఎప్పుడైనా టైముకొచ్చిందా, చెప్పు."

కండక్టరు తల దించుకుని టీ తాగాడు. పక్కన టైర్లకి పంక్చర్లు వేసే పెద్దాయన పని ఆపకుండానే, "కానీ, కానీ. ఇంకా గాలి పట్టేలా ఉంది" అన్నాడు.

స్టీరింగు లేచి నిలబడి గేటు వైపు చూశాడు. లోపల ఎవరో ఖాళీ బస్సుని పరీక్ష కోసం తెచ్చి నిలబెడుతున్నారు. చటుక్కున వీపు తిప్పి మళ్ళీ కూర్చున్నాడు. గొంతు ఇంకో మెట్టు పైకెక్కింది.

"తొమ్మిదేళ్ళప్పుడు అసలు బస్సే తోలాను. డ్రైవరుకి కడుపునొప్పి, అరవైమంది ప్యాసింజర్లు, ఎవరికీ స్టీరింగు తిప్పడం రాదు, అందరూ నా వంక చూశారు. కాళ్ళందవు కదా, బ్రేకుకి ఒకణ్ణి, క్లచ్చుకి ఒకణ్ణి, యాక్సిలేటరుకి ఒకణ్ణి కింద కూర్చోబెట్టి, నేను పైనుంచి నొక్కండి, వదలండి అని చెప్పడం. అలా ఘాటురోడ్డు ఎక్కాం. ఎక్కాక చూస్తే ఏముంది, వంతెన మధ్యలో కూలిపోయి ఉంది. అటు కొండ, ఇటు కొండ, కింద ఏరు. వెనక్కి పోదామా అన్నారు ప్యాసింజర్లు. నేనా, వెనక్కి పోయేది? యాక్సిలేటరు తొక్కమన్నాను. బస్సు లేచింది."

"దిగిందా?" అన్నాడు కండక్టరు.

"దిగితే కదా. మూడో వరసలో ఒకాయన టీ తాగుతున్నాడు, గ్లాసులో టీ తొణకలేదు, దాన్నంటారు డ్రైవింగని. మబ్బుల్లోకి వెళ్ళిపోయాం. కొంగలు నాలుగు చెయ్యెత్తి ఆపాయి."

"కొంగలకి చేతులెక్కడివి నాయనా?"

"రెక్కెత్తి ఆపాయి, పెద్దాయనా, మాట పూర్తి చెయ్యనీ. కిటికీ సీటే కావాలని గొడవ. సరే, ఇచ్చాం."

"ఆ ఎత్తున గాలి ఉండదంటారు. మరి టైర్ల సంగతి?" అన్నాడు పెద్దాయన, తన వృత్తి ధర్మం వదలకుండా.

"ఒకటి దిగిపోయింది. అరవైమందినీ ఒకేసారి ఊదమన్నాను. ఎంత గట్టిగా ఊదారంటే, ఆ ఊపుకి బస్సు తిన్నగా చందమామ దగ్గరికి పోయింది. చూస్తే అక్కడ చోటు తక్కువ, అన్నీ గోతులే. ఎవడైనా అయితే చేతులెత్తేసేవాడు. నేనేం చేశానో తెలుసా? అద్దంలో ఒక్క చూపు చూసి, రివర్సు వేసి, గోతికీ బస్సుకీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు వదిలి..."

కండక్టరు నవ్వబోయి ఆగాడు. పెద్దాయన చేతిలో సుత్తి కూడా ఆగింది. రివర్సు అన్న మాట వాడి నోటి నుంచే వచ్చింది, వాడి మొహమే పాలిపోయింది.

"మాటలు కోటలు దాటుతాయి గానీ కాలు గడప దాటదు" అని గొణిగాడు పెద్దాయన, ఎవరినీ ఉద్దేశించనట్టు.

అక్క స్టవ్వు తగ్గించింది. వాడి మీద కోపం వచ్చింది. కిందటి పరీక్షకి ముందు రోజు కూడా ఇదే బల్ల మీద ఇవే కోతలు. ఈసారి ఊరుకుంటే వీడు సూర్యుడి దాకా పోయి, నాలుగు దాటాక దిగుతాడు.

"ఒరేయ్, ఆ మంచం కదల్లేదురా" అంది.

"అక్కా, నువ్వు..."

"నేను దాని మీదే కూర్చున్నాను. రెండు చొక్కా బొత్తాలిచ్చి టికెట్టు కొనుక్కున్నాను. పాత క్యాలెండరు చింపి నువ్విచ్చిన టికెట్టు. సాయంత్రం దాకా కూర్చున్నా బండి అంగుళం కూడా జరగలేదు. బస్టాపు లేదు, కొంగల్లేవు, ఏమీ లేదు. కానీ ఒకటి మాత్రం నాకు బాగా గుర్తుంది."

వాడు తలెత్తలేదు.

"అమ్మ పిలుస్తోంది, ఇక బండి వెనక్కి తిప్పరా, ఇంటికి పోదాం అన్నాను. గరిటె చూపించి, దీనికి వెనక్కి పోయే గేరు లేదక్కా, ముందుకే అన్నావు. రాత్రి తిండికి కూడా దిగలేదు. నాన్న వచ్చి మంచంతో సహా లోపలికి మోసుకుపోయాడు."

కండక్టరు ఈసారి నవ్వాడు. స్టీరింగు కూడా నవ్వబోయాడు గానీ కళ్ళు చెమర్చాయి.

"భయంగా ఉందక్కా" అన్నాడు. పొద్దుట్నుంచీ వాడు పలికిన మొదటి నిజం అదే. "చెయ్యి దానంతటదే అటు పోతుంది. పద్దెనిమిదేళ్ళ అలవాటు."

"చెయ్యి ముసలిదైంది, పోనీ. చిన్నప్పుడు చేసినట్టు నోటితో చెప్పు. గేరు పేరు పైకి చెప్పి మరీ వెయ్యి. నోటికి పనివ్వడం నీకొచ్చుగా."

మూడూ ముప్పావైంది. వాడు గ్లాసు బల్ల మీద పెట్టి, ఈసారి తుడవకుండా, రోడ్డు దాటి గేటులోకి వెళ్ళిపోయాడు.

నాలుగైంది. గోడ అవతల ఇంజను మొదలైంది. అక్క టీ వడగట్టే గుడ్డని గిన్నె మీదే పట్టుకుని బీపుల కోసం చెవి ఒగ్గింది. ఆ చప్పుడు వినపడకూడదని మొక్కుకుంటూనే దానికోసం విన్నది. టీ చల్లారిపోతోంది. పెద్దాయన ట్యూబుని నీళ్ళలో ముంచి పైకి తియ్యడం మర్చిపోయాడు.

బీపు రాలేదు. "ఫస్టు" అని గోడ అవతల్నుంచి పెద్ద కేక మాత్రం వినపడింది. పక్కనున్న ఆఫీసరు ఉలిక్కిపడి ఉండాలి.

గేటులోంచి బస్సు ముందు అద్దం బయటికొచ్చింది, తర్వాత దాని వెనక వాడి మొహం. రోడ్డు మీదే చూపు. ఇటు చూడలేదు. చూడకపోవడమే మంచిదనుకుంది అక్క, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

"చందమామ దాకానా?" అన్నాడు పెద్దాయన.

"మలుపు దాకా వెళ్ళొస్తే చాలు" అంది అక్క.