బువ్వలో కలిపిన భయం

నాంపల్లి మెట్రో స్టేషన్‌లో, ఎదుటి బెంచీ మీద ఆఫ్రికా నుంచి వచ్చిన తల్లీకూతుళ్లు కూర్చోగానే మనవరాలు నానమ్మ కొంగులో తల దూర్చింది.

“నానమ్మా, పోదాం పా. నాకు భయమైతుంది.”

“ఏంది బిడ్డా, ఏమైంది?”

“బువ్వ తినకుంటే నల్లోళ్లొచ్చి ఎత్కపోతరన్నవ్ గదా. పొద్దుగాల నేను సగం ఇడ్లీ ఇడిసిపెట్టిన.”

నానమ్మ గబుక్కున ఎదుటి బెంచీ వైపు చూసింది. ఆ తల్లికి తెలుగు వస్తుందేమో.

“జర మెల్లగ మాట్లాడు. నువ్వు తినాల్నని ఉత్తగనే చెప్పిన. వాళ్లు గూడ మన లెక్కనే మనుషులు.”

“ఉత్తగనేనా?”

“ఔ బిడ్డా. నాదే తప్పు.”

మనవరాలు కొంగు తొలగించి చూసింది. ఎదుటి పాప తల్లి చేతిని గట్టిగా పట్టుకొని, బిత్తర చూపులతో వీళ్లనే చూస్తోంది.

“నానమ్మా, గా పాపకు వాళ్లమ్మ మన పేరు చెప్పి బువ్వ తినిపిచ్చిందా?”