పైన వేసిన పేరు

అక్క వాయించే కీబోర్డును వైరుతో తన కంప్యూటర్‌కి కలిపి, ఆమె కట్టిన పాటను రికార్డు చేసిన తమ్ముడు, దాని స్వరాల నొటేషన్ ప్రింటు తీసి అక్క చేతికిచ్చాడు. మొదటి వరుస చూడగానే ఆమెకు ఒళ్ళు మండింది.

"స్వరకర్త అని నీ పేరుందేంట్రా?"

"కంప్యూటర్ నాది కదక్కా, అదే వేసేసుకుంది."

"నీకు కళ్ళు లేవూ? ఆర్నెల్లు కుస్తీ పట్టి కట్టుకున్న పాట!"

"వైరు పెట్టి ఎక్కించింది నేనేగా! లేకపోతే ఈ గది దాటేదా?"

"నోరుమూసుకుని మార్చు."

"పోయిన వారమే పోటీకి పంపేశాను. ఎంపికైంది కూడా."

"ఎంత చల్లగా చెప్తున్నావురా!"

"ఆదివారం వేదిక మీద వాయించమన్నారు."

"ఎవర్ని?"

ఒక్క స్వరమూ వాయించడం రాని తమ్ముడు, కాగితం మీది తన పేరు మీద వేలు పెట్టాడు. అక్క కంప్యూటర్ వైరు పీకేసి, కీబోర్డు ముందున్న స్టూలును కాలితో అతని వైపు తోసింది.

"పేరున్నవాణ్ణేగా? కూర్చో. వాయించు."