కుళాయికి పెట్టిన బొట్టు

ఏమే కోటమ్మా, గ్రైండర్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందని నవ్వుతా చెప్తున్నావు, బుద్ధుందా నీకు? కాళ్ల కింద చెక్కపీట వేసుకుంటే సరిపోయిందా? మా ఊళ్లో అంకినీడని ఒకడుండేవాడు. వాడూ పెళ్లానికి ఈ పీట సలహానే ఇచ్చాడు. నవ్వటం ఆపి విను.

ఈ అంకినీడు కొత్తగా గ్రైండర్ కొన్నాడంట. వైరింగు చేసినతను చెప్పాడంట, వంటింట్లో తడి ఉంటుందయ్యా, ఇట్టాంటి వాటికి ఎర్తు ఉండి తీరాలి, పెరట్లో గుంట తవ్వి బొగ్గూ ఉప్పూ పోసి వైరు అందులోకి దించు అని. మాదేమో రాతినేల. గడ్డపార వేస్తే నిప్పులొస్తాయి. వీడికి ఒళ్లు వంగదు. ఏం చేశాడంటే, ఆ వైరు తీసుకెళ్లి గోడవతల వీధికుళాయి గొట్టానికి చుట్టాడంట. ఆ గొట్టం పైకి ఇనుమే గానీ భూమిలోకి పోయింది ప్లాస్టిక్కే. మరి గ్రైండర్లోంచి లీకయ్యే కరెంటు ఎటు పోతుంది? కుళాయిలోనే కూచుంది.

ఇంక చూడు, బిందె పెట్టిన ఆడది ఉలిక్కిపడి చెయ్యి లాక్కునేది. ఆ జిల్లు ఓసారి ఉంటది, ఓసారి ఉండదు. అమ్మవారు వెలిసిందన్నారంట. కుళాయికి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, గాజులు తొడిగారు. అంకినీడు పెళ్లాం తిరపతమ్మ కనిపెట్టింది, నేను గ్రైండర్ వేసినప్పుడే అక్కడ అరుస్తున్నారయ్యా, ఆ వైరు తీసెయ్యి అంది. నోర్ముయ్యి, తెలిస్తే వీధంతా నన్ను తంతారు అన్నాడంట. అని ఊరుకున్నాడా? పోయి కుళాయికి కొబ్బరికాయ కొట్టొచ్చాడు. తెలిసి కొట్టాడమ్మా, తెలిసి.

వాడి తల్లి సౌభాగ్యమ్మ. వీడొక్కడే కొడుకు. కొడుకే కాయ కొట్టాడంటే నిజంగా అమ్మవారే అనుకుంది పాపం. ఓ శుక్రవారం తలారా నీళ్లు పోసుకుని, తడిచీరతోనే మొక్కుకోటానికి వెళ్లింది. అత్త ఇంకా స్నానంలోనే ఉందనుకుని తిరపతమ్మ నైవేద్యం గారెలకి మినప్పప్పు గ్రైండర్లో వేసింది. అంకినీడు అరుగు మీద కూచున్నాడు. గ్రైండర్ మోత వినపడతానే ఉంది, తల్లి రెండు చేతులూ చాపటం కనపడతానే ఉంది. ఒక్క మాట అరవాలి. చుట్టూ జనం. ఆ మాట మింగేశాడు. ముసలామె చేతులు కుళాయికి అతుక్కుపోయినయ్యి. కళ్లు మాత్రం కొడుకు వైపే. అప్పుడరిచాడంట, తిరపతా, గ్రైండర్ ఆపు, ఆపు అని. మోత ఆగింది, ఆమె కిందపడింది. వీధి వీధంతా కొయ్యబారిపోయింది. కుళాయికీ గ్రైండర్‌కీ ఏంటి సంబంధమని ఎవరూ అడగలేదు. అందరికీ అర్థమైపోయింది.

ప్రాణం దక్కింది. అరచేతులు కాలి నల్లబడ్డాయి. తెప్పరిల్లాక ఒకటే అడిగిందంట.

"తెలిసే నా చేత మొక్కించావురా?"

 

మర్నాడే గుంట తవ్వాడనుకో. చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వాడు. తవ్వితే ఏం, ఆమె చెల్లెలింటికి వెళ్లిపోయింది, మళ్లీ వాడి గడప తొక్కలేదు. ఆఖరి ఘడియల్లో కబురొస్తే పరిగెత్తుకొచ్చాడు. అప్పుడు నేనక్కడే ఉన్నా, కళ్లారా చూశా. కన్నకొడుకు కదా, తులసినీళ్లు వాడే పొయ్యాలి. చెంచా నోటి దగ్గర పెట్టాడు. ఆమె వాణ్ణి గుర్తుపట్టింది. పట్టి, పెదాలు బిగించుకుంది. నీళ్లు చెంప మీంచి కారి దిండు తడిసింది. చెల్లెలు ఆ చెంచా వాడి చేతిలోంచి తీసుకుని పోస్తే, గుటకేసి కన్నుమూసింది.