బాపు పోయిండు

ఆర్మూర్‌లో ఆ సాయంత్రం సువర్ణ, ఆమె అత్త చిన్నవ్వ, పదో తరగతి రాసిన కూతురు సంధ్యారాణి వాకిట్లో కూర్చుని పసుపు కొమ్ములు ఏరుతున్నారు. తెల్లారితే సంధ్యకు నిజామాబాద్‌లో ఎలక్ట్రీషియన్ ట్రైనింగ్ సీటుకు ఇంటర్వ్యూ.

“మీ బాపు దుబాయ్‌ల ఉన్నడనే చెప్పు. నేను చెప్పింది చెప్పు, అంతే.”

“గట్ల చెప్తే కుదరదమ్మా.”

“ఎందుకు కుదరదు? మా బాపు దుబాయ్‌ల కరెంటు పని చేస్తడు, ఆయనను చూసే నాకు గీ పని మీద మనసు వడ్డది అను. సార్లకు మస్తు నచ్చుతది.”

“బడిల త్రివేణి మేడంకు ఒకటి చెప్పి, సార్లకు ఇంకోటి చెప్పాల్నా?”

“మేడంకు ఏం చెప్పినవ్?”

“ఏం లే.”

“సంధ్యా, ఏం చెప్పినవ్?”

“బడిల మేడం మాతోని ఇంటర్వ్యూ ప్రాక్టీస్ చేయించింది. ఫ్యూజ్ ఏందంటే చెప్పిన. ఎర్తింగ్ ఎందుకంటే చెప్పిన. మీ నాన్న ఏం చేస్తడన్నది. ‘మా బాపు పోయిండు మేడం’ అన్న.”

“పోయిండు అని ఊకున్నవా? ఏడికి పోయిండో చెప్పాలె గద.”

“దుబాయ్ అనబోయిన. అప్పటికే మేడం లేచొచ్చి నా నెత్తి మీద చెయ్యి వెట్టింది. క్లాసంత సప్పుడు లేదు. ఎప్పుడూ నవ్వే బబ్లుగాడు గూడ తల దించిండు.”

“బతికున్న మనిషిని సంపినవ్ గదనే. కాదు మేడం అననీకి నోరు లేదా?”

“అందామనే అనుకున్న. ‘రేపు గిదే మాట ధైర్యంగ చెప్పు, సార్లకు నేను ఫోన్ చేసి చెప్పిన’ అన్నది. ఇప్పుడు దుబాయ్ అంటే నేను అబద్ధమాడినట్టు, నా వల్ల మేడం గూడ ఆడినట్టు. సీటు పోతది. మల్ల నీతోని పసుపు ఏరుడే.”

“జర ఊకోండ్రి ఇద్దరు. నేను సారునైత. ఏమమ్మా సంధ్యారాణీ, బుగ్గ ఎట్ల ఎలుగుతది?”

“నానమ్మా, ఆడ బుగ్గ అనరు. బల్బు అంటరు.”

“నా ఇంటర్వ్యూల బుగ్గనే. చెప్పు.”

“కరెంటు ఒక వైరుల కెల్లి వచ్చి, ఇంకో వైరుల కెల్లి వాపస్ పోవాలె సార్. వాపస్ పోకుంటే ఎలగది.”

“మంచిగ చెప్పినవ్. మీ నాన్న ఏం చేస్తడు?”

“మా బాపు…”

“ఆగినవేంది బిడ్డా?”

“చూసినవా అమ్మా? ప్రతిసారి గీడనే ఆగిపోతున్న.”

“ఆగుడెందుకు? దుబాయ్ అను.”

“ఆఖరుకు ఎప్పుడు మాట్లాడిండు అని అడిగితే?”

“నిన్ననే అను. నిన్న ఫోన్ చేసిండు గద. నేను దొడ్లెకు పోయి మాట్లాడిన. నువ్వు ఇన్లే?”

“ఇన్న. గప్పుడు మన ఇంట్ల ఉన్న ఒక్క ఫోన్ నా దగ్గరనే ఉండె అమ్మా. ఎర్తింగ్ వీడియో చూస్తుంటి.”

“సంధ్యా, నానమ్మ ముంగట ఏం మాటలవి?”

“దాన్ని కసురకు సువర్ణా. నాకు ఎరుకే.”

“ఏం ఎరుక అత్తా?”

“వాడు దుబాయ్‌ల లేడు. బొంబయి పక్కన భీవండిల ఉన్నడు. ఆడ ఇంకో ఇల్లు వెట్టుకున్నడు. పిల్ల గూడ ఉన్నది.”

“నీకు… నీకు ఎవలు చెప్పిండ్రు?”

“నీకు చెప్పిన మన ఊరి గణేషే. భీవండిల వాని కండ్లతోని చూసిండు గద. నీకంటె ముందుగాల నాకే చెప్పిండు.”

“అమ్మా, భీవండినా? మన ఆర్మూర్‌ల బస్సెక్కితే పోయే భీవండినా?”

“కొమ్ములు ఏరు బిడ్డా.”

“నిజమేనా అమ్మా? పిల్ల గూడ ఉన్నదా?”

“ఏరు బిడ్డా, ఏరు. అత్తా, అన్ని ఎరుకుండి మరి ఎందుకు? ఫోన్ వచ్చిందన్నప్పుడల్ల ఏమన్నడు, ఇంకేమన్నడు అని నన్ను అడుగుతుంటివి.”

“నువ్వు చెప్తుంటే మంచిగుంటుండె. ‘అవ్వ బీపీ గోలీలు ఏసుకుంటున్నదా’ అని అడిగిండంటుంటివి. పుట్టిన సంది వాడు నన్ను గంత మంచిగ అడిగింది లేదు. నువ్వు చెప్పినంకనే ఏసుకుంటుంటి.”

“నానమ్మా, మరి రేపు సారు అడిగితే ఏమనాలె?”

“పోయిండన్నవ్ గద. గదే అను.”

“సచ్చిపోయిండనుకుంటరు.”

“అనుకుంటే ‘కాదు సార్, మమ్మల్ని ఇడిసిపెట్టి పోయిండు’ అను. మేడంకు గూడ గదే చెప్పు. వాని తల్లిని, నేనే అంటున్న.”

“అమ్మా, నువ్వేమంటవ్?”

“చీకటైతున్నది. కొమ్ములు ఏరుండ్రి.”

“సువర్ణా, పిల్ల అడుగుతున్నది.”

“రేపు నేను మార్కెట్‌కు పోను. నీతోని నిజామాబాద్ వస్త. అత్తా, నువ్వు గూడ ఇను. ఇయ్యాల్టి సంది గీ ఇంటికి ఆయన ఫోన్ రాదు. గోలీలు ఏసుకున్నవా అని ఇగ నేనే అడుగుత.”