అచ్చియ్యమ్మ చింతపిక్కలు

అచ్చియ్యమ్మ అని ఒక కుమ్మరామె ఉండేదంట. మొగుడు గవిరయ్య సారె తిప్పితే ఈమె మట్టి తొక్కేది. వాళ్ళ ఊళ్ళో అమ్మవారి జాతరంటే ఘటాలు పెట్టాలి. తూర్పు వీధోళ్ళు ఎలా పెడతారంటే, నిలువెన్నో అడ్డం అన్నే, చదరంగా. పడమటి వీధోళ్ళేమో ముందు ఒకటి, దాని వెనక రెండు, ఆ వెనక మూడు, అలా మెట్లు మెట్లుగా. ఒక్క ఘటం మిగిలినా, ఒక్కటి తక్కువైనా ఆ ఏడు వీధిలో ఒక మనిషి తగ్గిపోతాడని భయం వాళ్ళకి. నవ్వకండి, పిల్లి ఎదురొస్తే మీరు ఆగరూ?

ఏటా ఎవరి ఘటాలు వాళ్ళకి చేసిచ్చేవాడు గవిరయ్య. ఆ ఏడు ఏమైందంటే, వానలు కుమ్మేసి చెరువు నిండుగా ఉండిపోయింది. చెరువులో నీళ్ళుంటే ఇంక మట్టెక్కడిది? ఇంట్లో ఉన్నది నలభై ఘటాలకి మించి రాదు. ఊరి పెద్దలొచ్చి, ఒక్క జట్టే చెయ్యరా, పొద్దున తూర్పోళ్ళు పెట్టుకుంటారు, సాయంత్రం పడమటోళ్ళు, కానీ మిగలకూడదు, తగ్గకూడదు, తేడా వచ్చిందో నీ సారె ఈ ఊళ్ళో తిరగదు అని చెప్పిపోయారంట. గవిరయ్య కూలబడిపోయాడు. "తాతల నాటి సారె, ఎత్తుకుని ఎక్కడికి పోతామే? పోనీ ఒక్క ఘటం చేస్తేనో? ఎటు చూసినా ఒకటే కదా!" అన్నాడంట. "ఒక్క కుండతో జాతరా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది, లే" అందంట అచ్చియ్యమ్మ.

ఆమెకి మాత్రం ఏడుపు రాలేదనుకోండి. ఇదేదో చూద్దామనిపించింది. పిడత నిండా చింతపిక్కలు తెచ్చి అరుగు మీద పోసింది. తొమ్మిది పెడితే చదరం కుదిరింది, మెట్లకి మూడు మిగిలినయ్యి. పదహారు పెట్టింది, నాలుగు నాలుగులు. మెట్లు పేరిస్తే ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు... ఒక్క పిక్క మిగిలిపోయింది. "ఓసి నీ దుంపతెగ, ఒక్కదానివే!" అని దాన్ని తిట్టిందంట. ఇరవై అయిదుకి నాలుగు మిగిలినయ్యి. ఇంక ఉన్నది ముప్పై ఆరు, ఆరు ఆర్లు. అది దాటితే మట్టి లేదు. మెట్లు పేర్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది. చేతిలో పిక్క లేదు! పిచ్చిది, కింద పడిందేమోనని అరుగు కింద కూడా వెతికిందంట. "ఇదిగో, ఇటు రా! మన సారె ఎక్కడికీ పోదు!" అని వీధంతా వినబడేలా అరిచింది.

జాతర బ్రహ్మాండంగా జరిగింది. అక్కడితో ఊరుకున్నారా! ముప్పై ఆరు మా లెక్కంటే మా లెక్కని రెండు వీధులోళ్ళూ మీసాలు మెలేశారు. మరుసటేడు ఊరి పెద్దాయనొచ్చి, "ఈసారి ఘనంగా చెయ్యాలమ్మా, యాభయ్యో అరవయ్యో కానీ" అన్నాడంట. అచ్చియ్యమ్మ ఎండాకాలమంతా ఊరందరి పిక్కలూ అడిగి తెచ్చి పేర్చింది. నలభై తొమ్మిది కాలేదు, అరవై నాలుగు కాలేదు, నూరూ కాలేదు. వాకిలి చాలక కళ్ళంలోకి పోయిందంట. చివరికొచ్చి, "దొరికింది బాబూ. వెయ్యిన్నీ రెండొందల ఇరవై అయిదు. చదరమైతే ముప్పై అయిదు వరసలు, మెట్లైతే నలభై తొమ్మిది. మట్టి మీరు మోసుకురండి" అంది. పెద్దాయన కండువా దులుపుకుని, "ముప్పై ఆరే చాల్లే తల్లీ, అమ్మవారికి అదే ఇష్టం" అన్నాడంట.

మధ్యలో ఒక్కటీ లేదా అంటారా? నేనూ నమ్మలేదు. వేపుకోడానికి మా అమ్మ దాచిన పిక్కలన్నీ నేలంతా పరిచి చీపురు దెబ్బలు తిన్నాను గానీ, నాకూ దొరకలేదు. మీ ఇళ్ళల్లో మాత్రం పిక్కల్లేవా ఏంటి? దొరికితే వచ్చి చెప్పండి, ఆ కుండలు మోసేది నేనే.