మోటారు మీద నింద

టోక్యోలో ఓ పార్కు చెరువు గట్టున, లకుముకిపిట్ట కోసం కెమెరాలు బిగించుకు కూర్చున్న ముసలాళ్ల వరసలో, ఒకాయన పక్కనున్న పెద్దాయనతో మొరపెట్టుకుంటున్నాడు.

"కొత్త లెన్సండీ! ఫోకస్ మోటారు అప్పుడే చచ్చింది. నిన్న కంపెనీకి వెళ్లి, లెన్సు వాళ్ల చేతికివ్వకుండానే అందరినీ కడిగేసి వచ్చాను."

"ఈ కాలం మోటార్లంతే తమ్ముడూ. మా స్నేహితుడు ఒకుమురా గారి లెన్సయితే, ఆయన పోయాక కూడా వారంపాటు పిట్టల్ని వెతుక్కుంది."

"నవ్వులాట కాదన్నా! మన ఫొటో క్లబ్బు ప్రదర్శనలో లకుముకి ఫొటో ఒక్కదానికే చోటు. గడువు ఇవాళే."

"చెవి ఆనించి విను. గుర్రుమంటోందా?"

"ఉలుకూ పలుకూ లేదు."

"అయితే అగరొత్తి వెలిగించు."

"అదిగో, పిట్ట మునిగింది!"

పెద్దాయన కెమెరా టకటకలాడింది. పిట్ట చేపతో ఎగిరిపోయింది.

"నాది మసకే!"

"మొన్న నది దగ్గర బాణసంచా ఫొటోలు తీశావు కదూ?"

"తీశాను. ఫోకస్ కదలకూడదని మోటారు మీట ఆపేసి, దానిమీద టేపు..."

చెప్తూనే లెన్సు తడిమాడు. టేపు అలాగే ఉంది.

"ఇది ఎప్పుడు చూశారన్నా?"

"నువ్వొచ్చి కూర్చోగానే."

"మరి చెప్పరేం?"

"చెబితే ఆ చోటు నీకే దక్కదూ? రేపు కంపెనీవాళ్ల ముందు నడుం వంచి క్షమాపణ చెప్పడానికి మాత్రం తోడొస్తాలే!"